కంప్యూటరు చప్పుడు ఆగింది

మా అబ్బాయి కంప్యూటర్ని దాని శక్తికి మించి పరిగెత్తిస్తాడు, అదేం పిచ్చో. అది వేడెక్కకుండా ఫ్యాను రోజంతా రొద పెడుతుంది. నాకు ఆ రొదలోనే నిద్ర.

ఈ మధ్యాహ్నం ఫ్యాను పీకేసి, కరెంటు ఇస్తే చల్లబడే పలక బిగించాడు. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నేను ఉలిక్కిపడి లేచి "కోటయ్యా" అని కేకేశాను.

జగ్గయ్యపేట రాళ్ళ క్రషర్‌లో పనిచేసినవాణ్ణి. మిషను ఉన్నట్టుండి ఆగిందంటే ఎవరో అందులో పడ్డారని మా భయం. వెంటనే అందరినీ పేరుపేరునా పిలిచేవాళ్ళం. ఉన్నవాడు పలికేవాడు.

"కోటయ్యెవరు నాన్నా?"

"పిలిస్తే పలకనివాడురా."

మావాడు పలక ఊడదీసి పాత ఫ్యానే బిగించాడు. నాకేం భయం లేదు. కానీ చల్లగా ఉంటూ కాస్త చప్పుడు కూడా చేసే పలక ఎక్కడన్నా దొరికితే చెప్పండి.