మూడుసార్లు అడిగిన మాట

మా అమ్మ "అనుమానం పెనుభూతం" అన్నప్పుడల్లా, నేను నమ్మే భూతం అదొక్కటే అనేదాన్ని. దయ్యాల కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు చిరాకు. పైగా అనుమానించడమే నా ఉద్యోగం.

కెనడాలో, బర్నబీ అనే ఊళ్లో ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఇంటర్నెట్‌కి కలిపిన కెమెరాల్లోకి, తాళాల్లోకి దొంగలు ఎలా దూరతారో చూడటం మా పని. అందుకని ఒక ఉత్తుత్తి కెమెరాని ఎరగా ఆన్‌లైన్‌లో వదిలాం. ఎవరు ఏ పాస్‌వర్డ్ కొట్టినా అది రాసుకుంటుంది, ఎవరినీ లోపలికి రానివ్వదు. వచ్చేవన్నీ ఒకటి రెండు మూడు నాలుగు బాపతే.

ఒక మధ్యాహ్నం పెరుగన్నం తింటూ ఆ జాబితా చూస్తున్నాను. మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో "చింతపిక్కలరైలు" అని ఉంది. మూడుసార్లు, ఒక్కోసారికీ మధ్య కాస్త ఆగి. ప్రోగ్రాములు అలా ఆగవు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు రాజమండ్రి రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి నీలిమ, నేను కల్పించుకున్న మాట అది. పెరట్లో పాత బొగ్గుల గది ఉండేది. బయటివాళ్లు ఆ మాట చెబితేనే లోపలివాళ్లు తలుపు తీయాలి. ఒకరోజు తను వేరే పిల్లతో ఆడిందని నేను అలిగి గడియ పెట్టుకున్నాను. వానలో నిలబడి మూడుసార్లు చెప్పింది. నేను తీయలేదు. ఆ రాత్రే దానికి జ్వరం వచ్చింది, నాలుగో రోజుకి పిల్ల లేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మాట ఎప్పుడూ పాస్‌వర్డ్‌గా కూడా వాడలేదు.

ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాను. నాలుగు దేశాలు తిరిగొచ్చిన అడ్రస్, చివర దొరకలేదు. మా మేనేజర్ ఏదో యాదృచ్ఛికం అన్నాడు. చింతపిక్కలు తెలిసిన ప్రోగ్రాము ఏ దేశంలో ఉంటుందో ఆయన చెప్పలేదు.

నేను చెప్పకుండా బయటికి పొక్కిందంటే నిద్రలో వాగి ఉండాలి. పక్కన పడుకునేది మా ఆయన కార్తీక్ ఒక్కడే. అతనిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, ఆటపట్టించే గుణమూ ఉంది. శనివారం అతను కింద లాండ్రీ రూమ్‌కి వెళ్లగానే అతని లాప్‌టాప్ తెరిచాను. ఏమీ దొరకలేదు. బట్టల బుట్టతో అతను వచ్చేశాడు.

"ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు.

మొత్తం చెప్పేశాను. బుట్ట కింద పెట్టకుండానే విన్నాడు.

"మన పెళ్లయి ఆరేళ్లు. నీలిమ పేరు ఇవాళే వింటున్నా. నన్ను అడగొచ్చు కదా, లాప్‌టాప్ ఎందుకు తెరవడం?"

లాప్‌టాప్ మూసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లోపల ఆ అనుమానం పోలేదు, అదే నా దరిద్రం. రెండు వారాలు నాతో పొడిపొడిగా మాట్లాడాడు, హాల్లో సోఫా మీద పడుకున్నాడు.

కెమెరా ప్రయోగం ముగించమన్న రోజు నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. తీసేసేముందు ఒక్క లైను మార్చాను. ఆ మాట వస్తే లోపలికి రానివ్వమని రాశాను. రూల్సుకి విరుద్ధం, తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఈసారి ముందే కార్తీక్‌కి చెప్పాను. అతను తన ఫోను, లాప్‌టాప్ రెండూ ఆఫ్ చేసి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని కమలాలు వలిచాడు.

మూడో కమలం సగంలో ఉండగా ఆ మాట వచ్చింది. ఒక్కసారే. తలుపు తెరుచుకుంది.

నేను కార్తీక్ చేతుల వైపు చూశాను. నేను చూడటం అతను చూశాడు. తొనలు నా పళ్లెంలో పెట్టాడు.

లోపలికి దూరినవాళ్లు ఎవరైనా క్షణాల్లో ఏదో ఒకటి కెలుకుతారు. ఇది ఏమీ ముట్టుకోలేదు. కాసేపు ఉండి వెళ్లిపోయింది.

అది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నీలిమ అని నేను అనను, అనడానికి ఆధారం లేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఆ సాయంత్రం కార్తీక్ సోఫా మీద దిండు తీసి లోపల పెడుతూ, "తలుపు తీశాక మీరిద్దరూ ఏం ఆడేవాళ్లు?" అని అడిగాడు.

ఏమీ ఆడేవాళ్లం కాదు. పక్కపక్కన ఊరికే కూర్చునేవాళ్లం.