మూడో మునక

మావారికి కుడి చెవిలో కర్ణభేరికి చిల్లు పడింది. కృష్ణలో ఈత మాన్పించడం నా వల్ల కాలేదు, డాక్టరుగారి వల్లా కాలేదు. "మానలేకపోతే ప్లగ్గులు పెట్టుకోండి. పైన రబ్బరు టోపీ తప్పదండీ. చన్నీళ్లు లోపలికి పోయాయంటే కళ్లు తిరుగుతాయి, పైకేదో కిందికేదో తెలీదు" అని చెప్పి పంపారాయన. అప్పట్నుంచి చలికాలమంతా తెల్లవారగానే నేనూ ఘాట్‌కి తయారు. విజయవాడలో పుట్టి ఈత రాని మనిషిని. మెట్ల మీద తువ్వాలు పట్టుకుని నిలబడి, పొగమంచులో ఆ నారింజరంగు టోపీ కోసం వెతుక్కోవడమే నా పని. అది కనిపించనంతసేపూ ఆయన్నీ, ఏటినీ కలిపి తిట్టుకునేదాన్ని.

ఆ రోజు మాఘమాసం మొదలు. ఏటి మధ్యనున్న లంకదాకా ఈది, తోటి ఈతగాళ్లతో కబుర్లాడుతూ క్షేమంగా తిరిగొచ్చారు. హమ్మయ్య అనుకున్నాను. నడుంలోతు నీళ్లలో నిలబడి టోపీ లాగేశారు. చెవుల్లోంచి ప్లగ్గులు తీసి నా అరచేతిలో పెట్టారు.

"ఇదేంటండీ?"

"మాఘస్నానమే. చెవులు మూసుకుని మునిగితే పుణ్యమేం వస్తుంది? కుడి చెవిలో గంగ ఉంటుందంటారు. ఆవిడకి కృష్ణమ్మ తగలొద్దూ?"

"డాక్టరుగారు చెప్పింది మర్చిపోయారా?"

"మూడు మునకలేనే!"

మొదటిది అయింది. రెండోదీ అయింది. మూడోసారి లేచిన మనిషి చూపు ఎక్కడా నిలవడం లేదు. పక్కకు ఒరిగి మళ్లీ నీళ్లలోకి పోయారు.

"బాబాయిగారు ఇవాళ పుణ్యం మూటలు కట్టేస్తున్నారండోయ్!" అని పక్కనున్న ఈతగాడు నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆయన రెండు చేతులూ మెట్టు కోసం తడుముతున్నాయి. మెట్లున్న వైపు కాదు, లోతు వైపు.

"కళ్లు తిరిగాయయ్యా, పట్టుకోండి!" అని అరుస్తూ చీరతోనే దిగిపోయాను. కాళ్ల కింద నాచు జారుతోంది. నీళ్లు గుండెలదాకా వచ్చాయి. జుట్టు పట్టుకుందామంటే బట్టతల. చేతికి మొలతాడు దొరికింది. అది తెగితే ఇక అంతే అనుకుంటూ వెనక్కి లాగాను. నవ్విన మనిషే వచ్చి చంకల కింద చేతులేసి ఎత్తాడు.

మెట్టు మీద పడుకోబెడితే వాంతి చేసుకున్నారు. కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుని, "మూడోది పూర్తయిందా?" అని అడిగారు.

"ఇంకాస్తుంటే మీరే పూర్తయ్యేవారు!" అన్నాను. అంతమందిలో భోరున ఏడ్చేశాను. కోపంతో ఏడుస్తున్నాననుకున్నాను కానీ, అదంతా భయమే.

చెవికి చీము పట్టి, అది తగ్గేసరికి మాఘం చివరికొచ్చింది. ఒక్క స్నానమైనా చేస్తానని ప్రాణం తోడేశారు. సరేనని తీసుకెళ్లి నీళ్ల పక్క మెట్టు మీద కూర్చోబెట్టాను. చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద నా రెండు అరచేతులు. చెంబుతో ఆయనే తలమీద పోసుకున్నారు. చలికి దవడలు వణుకుతుంటే నా చేతులకు తెలుస్తోంది.

మూడో చెంబు కూడా అయిపోయింది. "ఇంక వదలవే, అందరూ చూస్తున్నారు" అన్నారు.

"చూడనివ్వండి" అన్నాను. ఆయనకు వినపడి ఉండదు. నేను మాత్రం వదల్లేదు.