అత్తయ్య పట్టిన చేతులు

మా మేనత్తకు ఎదుటి మనిషి చెయ్యి కనిపిస్తే చాలు, నాడి పట్టుకుని చూడాల్సిందే. నర్సు ఉద్యోగం నుంచి రిటైరై మా ఇంటికి వచ్చిన కొత్తల్లో ఈ జబ్బు లేదు. మధ్యలో ఎప్పుడో పట్టుకుంది. ఆ తర్వాత మా వీధిలో ఆవిడకు చిక్కని మణికట్టు లేదు, మా తమ్ముడిది తప్ప. వాడు పనుందంటూ జారుకునేవాడు.

బస్సులో కండక్టరు టికెట్ ఇవ్వబోతే టికెట్ వదిలేసి చెయ్యి పట్టుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుని లెక్కపెడుతుండగా మా స్టాపు దాటిపోయింది. "బాగుంది నాయనా, మంచినీళ్ళు ఎక్కువ తాగు," అని చెప్పి మరీ దిగింది. వెనక్కి నడుస్తూ నేను గొణుగుతుంటే నా చెయ్యి అందుకుని, "నీకు కోపం ఎక్కువైంది, ఇక్కడ తెలుస్తోంది," అంది.

పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకున్నదల్లా ఆయన చెయ్యి పట్టేసింది. "మీకే కంగారుగా ఉంది. కాసేపు కూర్చోండి, నా పన్ను ఎక్కడికీ పోదు," అంది. పాపం, ఆయన కూర్చున్నాడు.

మా తమ్ముడు ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తాడు. సొంతంగా ప్లాన్లు గీసే లైసెన్సుకు పరీక్ష దగ్గర పడేసరికి మనిషి మారిపోయాడు. కంచం ముందు కూర్చుంటాడు గానీ తినడు. మాట్లాడితే ఆపడు, ఆపితే పళ్ళు కొరుకుతాడు. ఎంత శ్రద్ధగా చదువుతున్నాడో అని నేను మురిసిపోయాను.

ఓ ఆదివారం అత్తయ్య ఫ్రిజ్ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కు నాడి చూసి, నాది చూసి, తమ్ముడి వైపు చెయ్యి చాపింది. అందరూ ఇచ్చాక తనొక్కడే ఇవ్వకపోతే బాగుండదని వాడూ నవ్వుతూ ఇచ్చాడు. ఈసారి ఆవిడ వదల్లేదు.

"కూర్చునే ఉన్నావు కదరా, గుండె ఎందుకు పరిగెడుతోంది? ఏం మింగావు?"

వాడు చెయ్యి లాక్కోబోయాడు. "ఏకాగ్రత కోసం అత్తయ్యా. డాక్టరు రాసిన మందే."

"ఎవరికి రాశాడు?"

"మా ఆఫీసులో నా స్నేహితుడికి. వాడికి చిన్నప్పటి నుంచీ పని మీద మనసు నిలవదు."

"అయితే వాడి కళ్ళజోడు కూడా తెచ్చి పెట్టుకో. వాడికి లేకుండా చేసి నువ్వు మింగితే ఇద్దరికీ చేటే."

వాడికి పౌరుషం వచ్చింది. మందు మహిమ చూడమంటూ తాను గీసిన ప్లాను తెచ్చి బల్ల మీద పరిచాడు. బాత్రూం గోడకు ఒక్కో టైలూ విడివిడిగా, ముచ్చటగా గీశాడు. అత్తయ్య వేలితో ఇల్లంతా చుట్టి వచ్చి, "బాగుంది గానీ, లోపలికి ఎటునుంచి రావాలిరా?" అంది.

వీధి తలుపు లేదు. వాడు చాలాసేపు వెతికాడు. నాకు ముందు నవ్వొచ్చింది, వాడి మొహం చూశాక భయమేసింది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బీపీ బాగా పెరిగిందని, ఇలాగే సాగితే గుండెకే ముప్పని చెప్పి డాక్టరు ఆ మాత్రలు మాన్పించాడు. తమ్ముడు కొన్నాళ్ళు నిద్రపోయాడు, తిన్నాడు, అందరినీ విసుక్కున్నాడు. పరీక్ష వచ్చేసారికి వాయిదా వేసుకున్నాడు. స్నేహితుడి మందు స్నేహితుడికి చేరింది.

తమ్ముడు కుదుటపడ్డాక గమనించాను, అత్తయ్య ఎవరి చెయ్యీ పట్టుకోవడం లేదు. జబ్బు తగ్గిందా అని అడిగాను.

"వాడు కంచం తోసేసిన రోజే నాకు అనుమానం వచ్చింది. వాడొక్కడి చెయ్యే పట్టుకుంటే దొంగను పట్టినట్టు ఉంటుంది, దాచేసుకుంటాడు. ఊరందరి చేతులూ పట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు వాడిదీ ఇస్తాడనుకున్నా."

ఆవిడ మీద నాకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. "మరి ఆ పళ్ళ డాక్టరు ఏం పాపం చేశాడు అత్తయ్యా?"

"ఆయనకు నిజంగానే కంగారుగా ఉందే," అంది.