గుండిగలో ఉడికిన కొమ్ము

మా తోడల్లుడు పోయాడు. ఆ సంగతి మనిషి వచ్చి చెప్పకముందే నాకు తెలిసింది. వాళ్ల పెరటి వెనక వాగు గట్టున ఆయన కట్టిన వెదురు యంత్రం ఒకటి ఉంది, మొక్కజొన్న చేలో అడవిపందులు పడకుండా. వాగునీరు సన్నటి ధారగా వెదురుబొంగులో పడుతుంది. నిండిన బొంగు తల వంచి నీళ్లు పారబోస్తుంది. తేలికై వెనక్కి పడుతూ కిరసనాయిలు డబ్బాను ఢామ్మని కొడుతుంది. మళ్లీ నిండుతుంది, మళ్లీ కొడుతుంది. ఏళ్ల తరబడి ఆ మోతను తిట్టుకుంటూ పుస్తకాలు చదువుకున్నవాణ్ని నేను. ఆ పొద్దున వాన వెలిసింది, వాగు నిండుగా పారుతోంది, మోత మాత్రం ఆగిపోయింది. పుస్తకం మూసి చెప్పులు వేసుకున్నాను. వాకిట్లోనే వాళ్ల పాలేరు ఎదురయ్యాడు.

"పెద్దల్లుడు పోయిండయ్యా. శవం ఉన్న ఇంట్ల ఈ లొల్లి ఏందని మీ చిన్నమామ బొంగును ధార పక్కకు గుంజి తాడుతో కట్టిపిచ్చిండు."

చిన్నమామగారంటే మా మామగారి తమ్ముడు. మామగారు పోయాక ఇంటికీ, దుకాణానికీ, గోదాముకూ ఆయనే పెద్ద. మా తోడల్లుడు చేసిన వస్తువుల్లో సరిగ్గా పనిచేసినవి రెండే. ఒకటి ఆ వెదురు యంత్రం. ఆయన కన్ను మూయగానే దాని నోరు మూయించారు. రెండోదాని సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊళ్లో ఇప్పుడు ఆయన గురించి చెప్పుకుంటున్న మాటలు వేరు. అసలు జరిగింది ఒకచోట ఉండటం మంచిది.

భోపాల్‌పట్నంలో ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకుని, ఒకే వీధిలో పక్కపక్కనే కాపురాలు పెట్టిన అల్లుళ్లం మేము. వయసులో ఆయన నాకన్నా చిన్న. అయినా అక్కను చేసుకున్నాడు గనుక నేను ఆయన్ను "అన్నా" అనాలి. అనిపించుకునేదాకా ఊరుకునేవాడు కాదు. నన్ను మాత్రం "పుస్తకం" అనేవాడు. గోదావరి అవతలి నుంచి బండి మీద నాకు పుస్తకాల కట్ట వచ్చిందంటే, పురి తాడు కోసం నాకన్నా ముందు వచ్చి కూర్చునేవాడు.

"ఏం పుస్తకం, ఇయ్యాల ఏం జదివినవ్? నాకు పనికొచ్చేది ఏమన్నున్నదా దాంట్ల?"

"నీకు పనికొచ్చేది పైన కట్టిన తాడే అన్నా."

"గదే తీసుకపోతున్న. లోపలిది నువ్వుంచుకో."

ఆయన నచ్చేవాడని అబద్ధం చెప్పను. మాట పెద్దది, చేతులెప్పుడూ జిడ్డు, అడక్కుండా వస్తువులు పట్టుకుపోయేవాడు. ఆయన చేసిన గొడుగు ఒకటి ఉండేది. దాని అంచు చుట్టూ రేకు తూము కట్టాడు, వాననీరంతా వెనకవైపు ఒకే ధారగా పడేటట్టు. పట్టుకున్నవాడికి చుక్క తగలదు. వెనక నడిచేవాడి నెత్తిన కుండపోత. అంగడిరోజు వానలో ఆయన వెనక నడిచింది నేను. ఇంకోసారి మామగారి ఉయ్యాలబల్ల గొలుసుకు పంకా తాడు కట్టాడు. ఊగితే గాలి వస్తుంది. కానీ పంకా కదలాలంటే ఎంత గట్టిగా ఊగాలో, ఊగిన మామగారు చెమటతో తడిసి కిందికి దిగారు. ఎవరైనా నవ్వితే ఒకటే జవాబు.

"తప్పు నాది గాదు, రేకుది."

లేకపోతే, "పాడైనదాన్ని పారెయ్యకుండ్రి. దాని తప్పు ఇంకోదాంట్ల పనికొస్తది."

ఈ రెండో మాటను అప్పట్లో ఊరంతా ఎగతాళికి వాడుకుంది. పెళ్లి కుదరని వాడి ముందు, పరీక్ష తప్పిన వాడి ముందు అదే మాట. ఇప్పుడదే మాటను జ్ఞానబోధలాగా చెప్పుకుంటున్నారు. అదే నోరు, అదే మాట. మధ్యలో ఒక మనిషి చావాల్సి వచ్చింది, అంతే.

నా భార్యకు చలిజ్వరం వచ్చి వదలని ఏడాది, దవాఖానాలో ఇచ్చిన క్వినైను మింగీ మింగీ చెవులు పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే ఏదో గొణుగుడు వినిపించేది, మాట తెలిసేది కాదు. అంతవరకూ రోజూ మధ్యాహ్నం నేను చదువుతుంటే ఆమె చింతకాయలు కొడుతూ వినేది. నా చదువును ఈ ఊళ్లో విన్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్లకు నేను చదివి వినిపించేది దుకాణం చిట్టాలే. చెవులు పోయాక పెదాలు కదలడం చూసి ఆమె నవ్వేది, విన్నట్టు. ఆ నవ్వు చూడలేక చదవడం మానేశాను. ఇంట్లో ఒకరికొకరం సైగలు చేసుకుంటూ, రేవు దగ్గర అవతలి ఒడ్డు వాళ్లతో మాట్లాడినట్టు బతికాం.

మా తోడల్లుడు ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. రేకు గరాటు ఒకటి చేసి తెచ్చి ఆమె చెవిలో పెట్టాడు. ఆమె ఉలిక్కిపడి లాగేసింది. "డబ్బాల రాళ్లేసి ఊపినట్టున్నది బావా!" అంది.

"తప్పు రేకుది," అని వెళ్లిపోయాడు.

తరవాత ఇత్తడి. తరవాత సొరకాయ బుర్ర. అదీ కాలేదు. ఒకరోజు మా గోదాములోకి వెళ్లి, అడవిదున్న కొమ్మొకటి చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు. కొండల మీది వాళ్లు చిందులేసేటప్పుడు తలకు కట్టుకుంటారే, అలాంటిది.

"చెవి ఎముక జాతి. దానికి ఎముక జాతిదే సొంతమైతది. రేకు చుట్టంలెక్క అరుస్తది," అన్నాడు. ఈ సిద్ధాంతం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అదీ చెప్పాను. వినలేదు.

కొమ్ము లోపలి గుజ్జు ఊడిరావాలంటే ఉడకబెట్టాలి. ఉడకబెట్టడానికి పెద్ద గిన్నె కావాలి. ఆయన తీసుకున్నది ఇంటి గుండిగను, పెళ్లిళ్లకూ తద్దినాలకూ అన్నం వండే ఇత్తడి గుండిగను. కొత్త వస్తువులు కనిపెట్టినవాళ్ల గురించి చాలా చదివాను. వాళ్ల పక్కింటివాళ్లకు ఏ కంపు తగిలిందో మాత్రం ఎవరూ రాయలేదు. నేను రాస్తాను. చచ్చిన గొడ్డును, కాలిన వెంట్రుకలను, కుళ్లిన చేపను కలిపి ఉడికిస్తే వచ్చే వాసన అది. ఆ రోజు ఏకాదశి. వీధి వీధంతా ముక్కు మూసుకుని ఆయన పెరట్లోకి వచ్చింది. ముందు చిన్నమామగారు, వెనక పురోహితుడు.

"ఏందిరా ఇది? గుండిగల శవం ఉడుకుతున్నదా?"

"కొమ్ము మామా. మరదలి చెవికి."

"చెవికా! చచ్చిన గొడ్డుది ఇంట్ల ఆడబిడ్డ ఒంటికి తగిలిస్తవా? నీకు పిచ్చుంటె అడివిల పోయి చేస్కో. ఇల్లు మైల చేసినవ్ గదరా!"

నేను ఊరుకోలేదు. "మామా, మన గోదాములో తోళ్లూ కొమ్ములూ బస్తాలకొద్దీ ఉన్నాయి. ఇప్పపువ్వు పక్కన, చింతపండు పక్కన. దానికి లేని మైల దీనికెక్కడిది?" అన్నాను.

ఆయన నావైపు చూడకుండానే జవాబిచ్చాడు. "అది బేరం. ఇది ఇల్లు."

నాకు తెలిసిన శాస్త్రాలన్నీ ఆ రెండు మాటల ముందు పనికిరాలేదు. ఆ మాటన్న మనిషి పొద్దున్నే మీసం దువ్వుకునేది కొమ్ము దువ్వెనతో. అదీ అన్నాను. పురోహితుడు దగ్గాడు.

తీర్పు జరిగిపోయింది. గుండిగ ఇత్తడిది, విలువైనది, గనుక చింతపండుతో తోమి నిప్పు చూపిస్తే శుద్ధి. మా తోడల్లుడు ఆవు పేడా పంచితమూ కలిపిన పంచగవ్యం తాగితే శుద్ధి. కొమ్ముకు మాత్రం ఏ శుద్ధీ లేదు, దాన్ని ఇంద్రావతి ఏట్లో పారేయాలి. లేదంటే మా రెండిళ్లకూ పంక్తి భోజనం బంద్. ఆవు లోపలి నుంచి వచ్చింది మనిషి తాగొచ్చు, దున్న నెత్తిన మొలిచింది చెవికి తగలకూడదు. ఇది విని ఒక్కరూ నవ్వలేదు. అసహ్యమంటే ఏమిటో ఆ పూట అర్థమైంది నాకు. కొమ్ము కంపు సాయంత్రానికి పోయింది. ఈ కంపు ఇప్పటికీ పోలేదు.

మా తోడల్లుడు పంచగవ్యం గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. కొమ్ము పట్టుకుని ఏటికి నడిచాడు. వెనక పెద్దలందరూ. అందరూ చూస్తుండగా బలంకొద్దీ నడి ఏట్లోకి విసిరాడు. పెద్దలు స్నానాలు చేసి ఇళ్లకు పోయారు.

కొన్ని రోజులకు, ఊరంతా కునుకు తీసే మధ్యాహ్నప్పూట మా పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. పైపంచె విప్పాడు. లోపల కొమ్ము, నున్నగా, నల్లగా మెరుస్తూ. మొన తెగ్గోసి, కాల్చిన ఊచతో సన్నటి దారి తీసి, చెవిలో కుదిరేటట్టు చివరకు తేనెమైనం అద్దాడు.

"మరి ఏట్లో వేసింది?" అన్నాను.

"అది ఇంకోటి. గోదాంల కొమ్ములకు కరువా, పుస్తకం?"

మైనం మొన ఆమె చెవిలో పెట్టాడు. వెడల్పు నోట్లోకి మెల్లగా, మామూలు గొంతుతో అన్నాడు. "మరదలా, నీ మొగుడు గురక పెడ్తడా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తరవాత వీధంతా లేచేటట్టు అరిచింది.

"పెడ్తడు బావా! దున్నపోతులెక్క పెడ్తడు!"

ఆ రోజు నుంచి తలుపులు బిగించుకుని, ఆమె చెవికి ఆనించిన కొమ్ములోకి చదివేవాణ్ని. నా గొంతు మామూలుగానే, ఆమెకు చేరేటంత. తెలిస్తే పంక్తిలోంచి లేపేస్తారు. మా అమ్మాయి పెళ్లి ఆగిపోతుంది. అందుకని పనయ్యాక కొమ్మును బియ్యం గరిసెలో దాచేవాళ్లం. అమ్మాయి పెళ్లయ్యాక కూడా అలవాటు కొద్దీ దాస్తూనే వచ్చాం. అన్నేళ్లలో ఎన్ని పుస్తకాలు అందులోంచి పోయాయో. ఆయన మాత్రం ఒక్కసారి కూడా "చూసినవా, నేను చేసింది," అనలేదు. గొడుగు గురించి పదేపదే గొప్పలు చెప్పుకున్న మనిషి, పనిచేసిన వస్తువు గురించి నోరు విప్పలేదు. ఆ ఒక్కదానికీ ఆయనకు నమస్కారం పెట్టాలనిపించేది. పెట్టనిచ్చేవాడు కాదు.

మొన్న ఆయన పెద్దకర్మ జరిగింది. అన్నం వండింది ఆ గుండిగలోనే. విస్తళ్లలో గారెలు పడ్డాయి. నోళ్లు ఆడటం మొదలుపెట్టాయి.

"మన పెద్దల్లుడంటె ఏమనుకున్నరు? విశ్వకర్మ! అంత పెద్ద జగదల్‌పూర్ల సుత అసొంటోడు లేడు," అన్నాడు చిన్నమామగారు.

"ఆ చేతిల ఏదో మహిమ ఉండె," అన్నాడు పురోహితుడు.

 నా భార్య నెయ్యి వడ్డిస్తోంది. తలలు ఊగడం, పెదాలు కదలడం చూసింది. బావ గురించేనని తెలిసింది, ఏమంటున్నారో తెలియలేదు. నావైపు చూసింది. ఆ మాటలకు సైగ ఏం చేయను? నెయ్యి గిన్నె కింద పెట్టి పెరటి దారిన మా ఇంటికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో కొమ్ము. వద్దని సైగ చేశాను, చూడలేదు. ఆమె నేరుగా వెళ్లి చిన్నమామగారి విస్తరి ముందు కూర్చుని, కొమ్ము చెవికి పెట్టుకుని, వెడల్పు నోరు ఆయనవైపు తిప్పింది.

"చెప్పు చిన్నాయనా. బావ సంగతి ఏమో అంటున్నవ్. నేను సుత వింట."

 మైల తగిలితే విస్తరి వదిలి లేవాలి. చిన్నమామగారు కొమ్మును చూశాడు, గారెలను చూశాడు, పక్కనున్న పురోహితుణ్ని చూశాడు.

"ఇది ఏట్ల ఏసింది గాదా?"

పురోహితుడు తల ఎత్తలేదు. "ఇంకోటి గావచ్చు. తినుండ్రి, చల్లారుతున్నయ్."

చిన్నమామగారు కొమ్ములోకి వంగి, "మంచోడు బిడ్డా," అన్నాడు.

 ఇంకేమీ రాలేదు.

"గంతేనా?" అంది, వినపడనివాళ్ల పెద్ద గొంతుతో. "ఇన్నేండ్లు మీ మాట ఇనకపోయినా నాకేం పోలేదన్నట్టు."

కొమ్ము చంకలో పెట్టుకుని, అదే చేత్తో గిన్నె తీసుకుని ఆయన అన్నం మీద నెయ్యి పోసింది. పంక్తి చివరిదాకా పోసింది. అందరూ కలుపుకున్నారు. ఒక్కరూ లేవలేదు. వీళ్ల భయానికా నేను అన్నేళ్లు తలుపులు బిగించుకుంది అనిపించి, నా విస్తరి నేను మడిచేశాను.

లోపలి గదిలో వాళ్లక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె పెదాలు కదలడం చూసి నా భార్య కొమ్ము చెవికి పెట్టుకుని వంగింది. గుమ్మంలో ఉన్న నాకూ ఆ మాట సన్నగా వినిపించింది.

"ఆ మోత లేక నిద్ర వస్తలేదు, చెల్లె."

నా భార్య పెరట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. తాడు వానకు తడిసి ముడి బిగుసుకుపోయింది. కొమ్ము నా చేతికిచ్చి, పళ్లతో లాగి విప్పింది. బొంగు ధార కిందికి జరిగింది, మళ్లీ నిండటం మొదలైంది. ఆమె కొమ్ము తీసుకుని చెవికి పెట్టుకుంది. దాని నోరు డబ్బావైపు తిప్పి, కళ్లు మూసుకుని, తడి గట్టు మీద నిలబడింది. లోపల పంక్తిలో పెరుగు పెరుగు అని పిలుస్తున్నారు. నిండిన బొంగు మెల్లగా తల వంచింది.