యేసేపు మిస్త్రీ దేశం దాటే ముందు

"నువ్వు ఆడ బాగుచేసే మిషన్లో నుంచి వచ్చే పత్తి రేపు ఓడెక్కి మన మీదికే వస్తాది. అప్పుడు నా పత్తి ఎవురు కొంటారు? నువ్వే సెప్పు."

"నీ పత్తికి ధర రాకపోతే ఆఫ్రికావోళ్లదా తప్పు? ఉల్లిగడ్డ పెట్టుకోపో."

"పోయినేడు పెట్టినా కదప్పా. గొర్రెలు తిన్యాయి."

యేసేపు ఇంటి ముందు నేను చెప్పులు విప్పుతుంటే వినబడిన మాటలివి. నిలదీస్తున్నవాడు కాశప్ప, యేసేపు భార్య సారమ్మకు అన్న. హొళగుంద దగ్గర నాలుగెకరాల మెట్టలో పత్తి వేస్తాడు. పాస్‌పోర్టు వచ్చిందని తెలిసి మొదటి బస్సుకే దిగాడు, మెచ్చుకోవడానికి మాత్రం కాదు. దానికి ఫోన్లో అప్లికేషన్ పెట్టింది ఎదురింట్లో ఉండే నేనే. కాబట్టి ఆ తిట్లలో నాకూ వాటా ఉంది.

యేసేపుకు నలభై ఏడేళ్లు. ఆదోనిలో పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్నింగ్ మిల్లుల్లో ముప్పై ఏళ్లుగా మిస్త్రీ. మిషను ఆపకుండానే దాని రోగం చెబుతాడు. ఇనుప కడ్డీ ఒక కొన మిషనుకు ఆనించి, రెండో కొన ఎడమచెవి వెనక ఎముకకు పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. రోలరు తోలు అరిగిందంటే అరిగినట్టే. ముప్పై ఏళ్ల రొదకు ఆ చెవి దాదాపు పోయింది. ఇప్పుడు మనిషి మాట వినాలంటే కుడిచెవి తిప్పుతాడు.

మార్చి దాటితే మిల్లులో పనుండదు, సగం జీతం. ఈ ఏడు మిల్లునే అమ్మకానికి పెట్టారు. ఆ సమయంలో టాంజానియా మిల్లుకు మిస్త్రీ కావాలంటూ ఏజెంటు వచ్చాడు. పరీక్ష కూడా పెట్టాడు. అక్కడి మిషను ఒకటి గింజల మీద దూది వదిలేస్తోందని వీడియో పంపాడు. యేసేపు బొమ్మ వైపు చూడనే లేదు. ఫోను కుడిచెవికి పెట్టుకుని మూడుసార్లు విన్నాడు. కత్తి ఒకవైపు ఎక్కువ ఒత్తుతోందని, దాన్ని ఎంత వదులు చేయాలో కూడా చెప్పాడు. మర్నాడు మిషను చక్కగా ఆడుతోందని కబురొచ్చింది. ఆ సంబరంలో వీధంతా చెప్పుకున్నాడు. కాశప్పకూ ఫోన్ చేసి చెప్పాడు. అదే పొరపాటు.

"అంటే పాసుపోర్టు రాకముందే నువ్వు దేశం దాటినావు," అన్నాడు కాశప్ప.

యేసేపు పాస్‌పోర్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. అతని కుడిచెవి కాశప్ప వైపే ఉంది. వినబడలేదనుకోవడానికి లేదు.

సారమ్మ బొరుగుల ఉగ్గాని ప్లేట్లు తెచ్చి మా ముందు పెట్టి, తిని కొట్లాడుకోమంది. తిన్నారు. కొట్లాటకు మాత్రం ఇద్దరికీ ఓపిక మిగల్లేదు. కాశప్ప చెయ్యి కడుక్కుని, ఎప్పుడు పోయేదీ అడక్కుండానే బస్టాండు దారి పట్టాడు. యేసేపు వెనకే నడిచాడు, వాళ్ల వెనక నేను. బస్సు వచ్చేదాకా బావా బామ్మర్దులు పక్కపక్కనే నిలబడ్డారు.

తిరిగి వస్తుంటే నేనే ఉండబట్టలేక అడిగాను. ఈ దేశం నీకేం చేసిందన్నా, చెవి పోతే ఎవడైనా వచ్చి చూశాడా అని. ఎవరూ చూడలేదన్నాడు. రేషన్ కార్డు తర్వాత తన పేరు మీద ఇచ్చిన గట్టి పుస్తకం ఈ పాస్‌పోర్టేనని, అదీ బయటికి పోవడానికేనని నవ్వాడు. కానీ ఆగస్టు పదిహేను నాడు మిల్లులో జెండా ఎగరేస్తే తనకు గొంతు పట్టేస్తుందట. ఎందుకో తెలియదట. పక్కవాళ్లు చూస్తారని దగ్గినట్టు చేస్తాడట.

సోడా బండి దగ్గర నీడలో ఆగాడు.

"మా బావ అన్నది అబద్ధం గాదప్పా. నేను పోకుంటే ఇంకొకడు పోతాడు, అదీ నిజమే. అయినా చేసేది నా చెయ్యి గదా."

ఉండిపోతావా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. టికెట్టు వచ్చేసిందట, వచ్చే శుక్రవారానికి. పోకుండా ఇక్కడ కూర్చుంటే కాశప్ప పత్తికి ధర పెరుగుతుందా అని తనే అడిగి, పెరగదని తనే చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పినంత మాత్రాన మనిషి తేలికపడినట్టు కనబడలేదు.

"నువ్వు ఒకటో తారీకు నుంచి ఎమ్మిగనూరు నూలు మిల్లులో చేరతాండావంట గదా? పత్తి బేళ్లు దించేకాడ?"

అవునన్నాను. కాలేజీ మానేసినవాడికి అంతకంటే ఏముంటుంది.

ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. తెల్లటి బేలు మీద నల్లరంగుతో జిరాఫీ బొమ్మ, అది ఆ టాంజానియా మిల్లు గుర్తు.

"ఈ గుర్తు బేలు యెప్పుడన్నా ఆడికి వస్తే, సంచి కొంచెం చించి గుప్పెడు దూది లాగి చూడు. గింజ ముక్కలు కనపడితే నాకు ఫోన్ చెయ్యి, సరిచేస్తా. దూది బాగుంటే మటుకు..." అని ఆగి, కుడిచెవి రుద్దుకున్నాడు. "బాగుంటే మా బావకు సెప్పొద్దు. నాకు గూడా సెప్పొద్దు."