నాగసుబ్బయ్య ఎడమచెయ్యి

పత్తికొండలో మా వీధి మొదట్లో పూజసామాన్ల అంగడి ఒకటి ఉండాది. నాగసుబ్బయ్య శెట్టిది. ముందర అంగడి, వెనక ఇల్లు. బజార్లో ఇంకా పెద్ద అంగళ్లు ఉండాయి గానీ, మా వీధి ఆడోళ్లకు వ్రతమైనా, కొత్త బండికి పూజైనా నాగసుబ్బయ్య చేతి కుంకుమే కావాల.

ఆయన ఇచ్చే తీరు అట్లాంటిది. పొట్లం తెచ్చి బల్ల మీద పడెయ్యడు. కాగితం ముక్కను ఎడమ అరచేతిలో గుంటగా పెట్టుకొని, చెంచాతో కుంకుమ పోసి, మడతలేసి, ఎడమ బొటనవేలితో అదిమిపట్టి, పైన వేలాడే ఉండ నుంచి దారం లాగి చుడతాడు. తెంపి, కుడిచేత్తో మన చేతిలో పెడతాడు. పెట్టేటప్పుడు ఒక్క చిటికె కళ్లు మూసుకుంటాడు. ఏమనుకుంటావప్పా ఆ చిటికెలో అని నేనొకసారి అడిగినా. నాకు అడగకుండా ఉండేది చేతకాదు.

"నీ ఇల్లు చల్లగుండాలని అక్కా, ఇంకేముంటాది" అన్నాడు.

పోయిన కార్తీకంలో, అంగడి నిండా జనం ఉండంగానే, ఆయన ఎడమచేతిలోని కర్పూరం తట్ట జారి కింద పడింది. వంగి తీసుకోబోయి తనే పక్కకు ఒరిగిపోయినాడు. మూతి వంకరైంది. ఎవరిదో కారులో కర్నూలుకు తీసుకపోయినారు. పక్షవాతం అన్నారు. తొందరగా తెచ్చినారు కాబట్టి ప్రాణానికి భయం లేదన్నారు. నెల దాటినాక ఇంటికొచ్చినాడు. మూతి సరిపోయింది, మాట వచ్చింది. ఎడమకాలు ఈడుస్తా ఈడుస్తా నడుస్తాండాడు. ఎడమచెయ్యి మాత్రం కడుపుకు ఆనుకొని, వేళ్లు ముడుచుకొని, ఆయనది కానట్టు ఉండాది.

చూడను పోయినోళ్లందరూ ఒకే మాట. ఎడమ పక్క కదా శెట్టీ, దేవుడు చల్లగా చూసినాడు, అదే కుడిచెయ్యి పోయుంటే తినేదెట్ల, దుడ్లు లెక్కబెట్టేదెట్ల అని. విని విని ఆయనకూ అదే మనసులో నాటుకుంది. ఎడమచెయ్యితో ఎవరికేమి ఇస్తాం? శుభానికి దాన్ని ముందుకు చాపం. పోతే పోయిందిలే అనుకున్నాడు.

చెయ్యి ఆడించే ట్రీట్‌మెంటు కోసం శివజ్యోతి అనే పిల్ల సాయంత్రాలు స్కూటీ మీద వచ్చేది. ఆదోని పిల్ల, ఫిజియోథెరపీ చదువుకుంది. బల్ల మీద తువ్వాలు పరిచి దాన్ని ఎడమచేత్తో తొయ్యమనేది, రబ్బరు బంతి పిసకమనేది. ఒక దినం అద్దం తెచ్చి రెండు చేతుల మధ్యన నిలబెట్టింది. కుడిచెయ్యి ఆడిస్తే అద్దంలో ఎడమచెయ్యి ఆడినట్టు కనపడతాది, దాన్ని చూసి మెదడు మళ్లా దారి వెతుక్కుంటాదంట. నేను పక్కనే కూర్చొని అన్నీ అడిగి తెలుసుకుంటాంటి. నాగసుబ్బయ్య మాత్రం రెండుసార్లు తోసి, ఎడమచెయ్యేలేమ్మా, కాలు వచ్చింది, అది చాలు అని తువ్వాలు మడిచేసేవాడు. ఇప్పుడు వదిలేస్తే వేళ్లు అట్లే బిగుసుకుపోతాయి అంకుల్ అని ఆ పిల్ల చెప్పి చెప్పి అలిసిపోయింది.

కాలు వచ్చింది నిజమే. వీధి చివర దాకా నడిచి వస్తాండాడు. అంగట్లో మాత్రం కూర్చోడు. భార్య రామసుబ్బమ్మ పొద్దున వంట, మధ్యాహ్నం అంగడి, మళ్లా ఇల్లు అని మోకాళ్లు పట్టుకొని తిరుగుతాంది. కొడుకు తేజేశ్వర్ ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాడొచ్చి, శ్రావణమాసం దాకా చూద్దాం, అప్పటికీ నాయన కూర్చోకపోతే అంగడి సెల్‌ఫోన్లోళ్లకు బాడుగకిచ్చేద్దాం అని తేల్చి చెప్పిపోయినాడు. ఆ మాటకు నాగసుబ్బయ్య ముఖం చూడాల. ముప్పై ఏండ్లుగా కూర్చున్న పీట అది. అయినా కాదనలేదు.

దిగులు పట్టుకుంది, భయం పట్టుకుంది అని తలా ఒకటి అన్నారు. నాకు మాత్రం ఏదో పొసగలేదు.

ఒక దినం పొద్దున కుంకుమకు పోతే రామసుబ్బమ్మ లోపల ఎసట్లో బియ్యం పోస్తాంది. కుంకుమ డబ్బా, అంగడి అరుగు మీద కూర్చోనున్న నాగసుబ్బయ్య కుడిచేతికి అందేంత దగ్గర్లో ఉండాది. రవ్వంత ఇయ్యప్పా అంటే, రామసుబ్బమ్మ వస్తాది ఉండక్కా అన్నాడు. సరే అనుకున్నా. ఉగాదికి బొబ్బట్లు, మేము ఓలిగలంటాం, తీసుకపోయి ఇస్తే, ఆయన చెంచా తెప్పించుకున్నాడు. ఓలిగను చెంచాతో పొడిచి పొడిచి తినేవాణ్ణి నేను యాడా చూడలేదు. నొసటన బొట్టు చూస్తే, అది రామసుబ్బమ్మ పెట్టిన గుండ్రటి బొట్టు, ఆయన నిలువుగా గీసుకునేది కాదు. పడిపోయింది ఎడమచెయ్యి. మరి ముడుచుకొని కూర్చున్నది కుడిచెయ్యి. ఇదేమి విచిత్రం?

మరుసటి దినం రామసుబ్బమ్మ అంగట్లో ఉన్నప్పుడు చూసుకొని, ఇంటెనక అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నా. కుడిచేతికేమైంది నీకు అని అడిగినా. ఏం కాలేదన్నాడు. ఏం కాకుంటే ఓలిగ చెంచాతో ఎందుకు తింటివి, డబ్బా ఎందుకు ముట్టవు అన్నా. తల వంచుకున్నాడు. మా ఇంట్లో పొయ్యి మీద పప్పు ఉండాది, మాడితే మాడనీ అని నేను కదల్లేదు.

"దొడ్డికి పోయొస్తే కడుక్కోవాల గదక్కా" అన్నాడు చివరికి. "ఎడమచెయ్యి లేదు. ఇంక ఏ చెయ్యి ఉండాది?"

నేను అరుగు మీద ఇంకా దగ్గరికి జరిగినా.

మెల్లగా చెప్పుకొచ్చినాడు. ఆస్పత్రిలో అంతా రామసుబ్బమ్మే చేసిందంట. ఆ దినాల్లో ముఖం ఎత్తి ఆమెను చూడలేకపోయినాడంట. ఇంటికొచ్చినాక ఆ పని ఎవరికీ ఇయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. కొడుకు నీళ్లు చిమ్మే పైపు తెచ్చి బిగించినాడు. అయినా చెయ్యి పెట్టాల్సిందే కదా. సబ్బుతో కడిగి, పసుపునీళ్లతో కడిగి చూసుకున్నాడు.

సబ్బుకు పోనిదేముంటాదప్పా అన్నా.

"పోతాదని నాకూ తెలుసు. ఆ చేత్తోనే మీ నొసటికి పోయే కుంకుమ ఇయ్యల్ల గదా అక్కా. చెయ్యి ముందుకు రాదు."

శివజ్యోతికి చెప్పినావా అని అడిగితే, ఆ పిల్ల నాకు కూతురు లాంటిది, ఆ పిల్లకు ఏమని చెప్పేది అని ముఖం తిప్పుకున్నాడు.

ఆయన చెప్పకపోతే నేనున్నా కదా. ఆ సాయంత్రం వీధి మలుపులో స్కూటీ ఆపి, దాపరికం లేకుండా చెప్పినా. ఆ పిల్ల నవ్వలేదు. హెల్మెట్ తీసి ఒడిలో పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ బంతి పిసకమని చెప్తాంటి అవ్వా" అంది. "ఆ బంతితో ఆయనకేం పని? ఏం కావల్నో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు."

మరుసటి దినం బంతి తేలేదు. బాత్రూములో నుంచి ప్లాస్టిక్ మగ్గు తెమ్మంది. ఆయన ముఖం చూడకుండా, గోడ మీది క్యాలెండరును చూస్తా, అంకుల్, ఇంక మనకు రెండే పనులు, ఈ ఎడమచెయ్యి మగ్గు పట్టుకోవాల, ఇదే చెయ్యి వీపు వెనక్కి పోవాల అంది. నాగసుబ్బయ్య నా దిక్కు చూసినాడు. నేను బయట వీధి కాలవ దిక్కు చూసినా.

ఆ దినం నుంచి తువ్వాలు మడవలేదు ఆయన. పొద్దున కుడిచేతికి పాత సాక్సు తొడిగి కట్టేస్తే, ఎడమచెయ్యే అన్నిటికీ పోవాల. మొదట ఖాళీ మగ్గు, తర్వాత అడుగున రవ్వన్ని నీళ్లు. వేళ్లు మూసుకోవడం తొందరగానే వచ్చింది, తెరుచుకోవడమే ఎంతకీ రాలేదు. మగ్గు పట్టుకుంటే వదలదు. ఒక్కొక్క వేలు విప్పి తీయాల్సి వచ్చేది. అది కుదిరినాక శివజ్యోతి బట్టల క్లిప్పులు తెచ్చి ఆయన లుంగీకి వెనక నడుము దగ్గర తగిలించి, ఎడమచేత్తో తియ్యమనేది. ఆయన అంగడి పక్కన వేపచెట్టు కింద నిలబడి, చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంటా గుండ్రంగా తిరుగుతాంటే, వీధిలో పోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. ఇదేమి కసరత్తు అని నన్నే అడిగేవాళ్లు. భుజం వదులు కావడానికి అని చెప్పినా. నాకు తెలిసి కూడా నోరు తెరవని సంగతి మా వీధిలో అదొక్కటే. ఇప్పుడు రాస్తాండానంటే, ఆయన రాసుకో అక్కా అన్నాడు కాబట్టి. నాలాగా చెప్పుకోలేనోడు ఇంకొకడు యాడో ఉంటాడు కదా అన్నాడు.

ఎండాకాలంలో భుజం నొప్పి పట్టుకుంది. చెయ్యి మళ్లా బిగుసుకుంది. క్లిప్పులు విసిరికొట్టి రెండు దినాలు మంచం దిగలేదు. శివజ్యోతి తిట్టలేదు. వేడినీళ్ల గుడ్డతో భుజానికి కాపడం పెట్టి, ఆయన పడుకోనుండంగానే ఆ చేతిని మెల్లగా చాపిస్తా కూర్చుంది. మూడో దినం ఆయనే లేచి మగ్గు అడిగినాడంట.

ఆషాఢం చివర్లో ఒక దినం పొద్దున గోంగూర ఇద్దామని వాళ్లింటికి పోయినా. నాగసుబ్బయ్య స్నానం చేసి, తల తుడుచుకొని, పీట మీద కూర్చోనుండాడు. ముందర రాగిసంగటి ముద్ద, పప్పు. పక్కన చెంచా ఉండాది. ఆయన చెంచాను అట్లే పక్కకు జరిపి, కుడిచేత్తో ముద్ద తుంచి, గుంట చేసి, పప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. రామసుబ్బమ్మ గిన్నె పట్టుకొని నిలబడిపోయింది. ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూసినా. నేను గోంగూర గడప దగ్గర పెట్టి వచ్చేసినా.

శ్రావణం మొదటి శుక్రవారానికి తేజేశ్వర్ ఎర్రగుంట్ల నుంచి వచ్చినాడు, బాడుగ సంగతి మాట్లాడదామని. వచ్చేసరికి నాయన అంగట్లో పీట మీద ఉండాడు. నొసటన నిలువు బొట్టు. అంగడి ముందర ఆడోళ్లు నిండిపోయినారు. ఆ పిల్లోడు బ్యాగు కింద పెట్టి, దారం లాగి ఇచ్చే పనికి నిలబడ్డాడు. బాడుగ మాట ఎత్తలేదు.

ఎడమచెయ్యి పూర్తిగా రాలేదు, వచ్చిందని రాస్తే అబద్ధం. వేళ్లు సగమే తెరుచుకుంటాయి. అరచేతిలో కాగితం వణుకుతాంది. కుంకుమ సగం బల్ల మీద పడింది. బొటనవేలు అదిమిపట్టలేక మడత విడిపోతాంటే కొడుకు పట్టుకున్నాడు. ఒక్కో పొట్లానికి అంతసేపు పడుతున్నా, ఎవరూ విసుక్కోలేదు.

నా వంతు వచ్చింది. కుడిచెయ్యి ముందుకు చాపి, పొట్లం నా అరచేతిలో పెట్టి, ఒక్క చిటికె కళ్లు మూసుకున్నాడు.

"ఇల్లు చల్లగుండాలనేనా?" అన్నా.

"ఈసారి నీ నోరు చల్లగుండాలని అక్కా" అన్నాడు.

వెనక ఉండేవాళ్లకు అర్థం కాలేదు. ఎందుకన్నాడు అట్ల అని మా పక్కింటి శిల్ప నా కొంగు పట్టుకొని ఇంటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఇంటికి చేరేసరికి పొట్లం మూల నుంచి కుంకుమ కారి నా అరచెయ్యంతా ఎర్రగైంది. దారం సరిగా బిగియలేదు.