మిల్లు ఫోటోలో మా మామ్మ వాళ్ళమ్మ

మా చిన్నతనంలో ధాన్యం బస్తా సైకిల్ మీద వేసుకుని నాన్న ముందు నడుస్తుంటే... వెనకాల మామ్మా, నేనూ కాలవ గట్టు వెంబడి రైసు మిల్లుకి వెళ్ళేవాళ్ళం.

మిల్లు ఇంకా కనపడకుండానే తవుడు వాసన వచ్చేది. లోపలికి వెళ్తే ఆ చప్పుడుకి మాటలు వినపడేవి కావు. నాన్న ధాన్యం ఆడించే పనిలో ఉంటే, మామ్మ మాత్రం ఆఫీసు గది కిటికీ దగ్గరికి వెళ్ళి, ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడేది.

ఎదురుగోడకి, బాగా పైన, ఒక పెద్ద ఫోటో ఉండేది. మిల్లు కొత్తగా కట్టినప్పుడు తీయించిందట... అంటే మామ్మ చంటిపిల్లగా ఉన్నప్పటిది. అంత దూరం నుంచి ఒక పొగగొట్టం, దాని ముందు మనుషుల వరసలు, అంతే కనిపించేవి.

"ఏం చూస్తున్నావు మామ్మా?" అంటే,

"మాయమ్మనే" అనేది.

మామ్మ తల్లి పేరు మరియమ్మ. ఆ మిల్లులోనే కూలి. ఉడికించిన ధాన్యాన్ని గచ్చు మీద ఆరబోసి, ఎండలో అటూ ఇటూ నడుస్తూ కాళ్ళతో తిరగేసే పని. మామ్మకి ఊహ తెలియకముందే ఆవిడ జ్వరం వచ్చి చనిపోయింది. పెంచింది పెద్దమ్మ. ఆ పెద్దమ్మే చెప్పిందట... "మీ అమ్మ మొహం చూడాలంటే మిల్లు ఫోటోలోనే చూడాలే. నిన్ను చంకనేసుకుని నిలబడింది" అని.

కానీ ఆ గదిలోకి మావాళ్ళని రానిచ్చే రోజులు కావవి. ఊడ్పులకీ కోతలకీ తిరిగి తిరిగి మామ్మ నడుం వంగిపోయింది. ఆ తర్వాతెప్పుడో వద్దనడం మానేశారు. కానీ అప్పటికి ఆ గుమ్మం దాటడం మామ్మకి చేతకాలేదు.

ఇంతలో మిల్లు అమ్మేస్తున్నారని తెలిసింది. నాన్న అప్పటికి పక్క ఊరి బళ్ళో మాస్టారు. ఒకరోజు సాయంత్రం మామ్మనీ, నన్నూ వెంటబెట్టుకుని తిన్నగా ఆఫీసు గదిలోకే నడిచారు. లోపల మిల్లు ఓనరు గారి మనవడు ఉన్నారు. అందరూ చినబాబుగారు అనేవారు.

"మా అమ్మండి. ఆ ఫోటోలో వాళ్ళమ్మ ఉందంటండి. ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తుందండి" అన్నారు నాన్న.

"ఆయ్, దానికేముందండి మాస్టారూ! రండమ్మా, రండి" అంటూ చినబాబుగారే బల్ల ఎక్కి ఫోటో దింపారు. తువ్వాలుతో దుమ్ము తుడిచి టేబుల్ మీద పెట్టారు.

మామ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

ముందు వరసలో కుర్చీల్లో చినబాబుగారి తాతగారు, గుమస్తా, ఇంజను నడిపే ఆయన. వెనక వరసలో బస్తాలు మోసే మగాళ్ళు, ఆ పక్కన ఆడవాళ్ళు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. పని మధ్యలో ఆపించి ఎండలో నిలబెట్టినట్టున్నారు... అందరూ కళ్ళు చికిలించి చూస్తున్నారు.

అందరికంటే చివర, చంకలో బిడ్డతో ఒకావిడ ఉంది. నాన్న వేలు పెట్టి చూపించారు.

మామ్మ వంగింది. కళ్ళజోడు సర్దుకుని ఇంకా వంగింది.

అక్కడ మొహం లేదు.

పక్కనున్నావిడ ముక్కుపుడక కూడా కనిపిస్తోంది. ఈవిడ మొహం, చంకలో బిడ్డ మాత్రం తడిచేత్తో తుడిచేసినట్టు అలుక్కుపోయి ఉన్నాయి.

"అప్పటి కెమెరాలండి... కాసేపు కదలకుండా ఉండాలంటండి. కదిలితే ఇలా అయిపోద్దండి" అన్నారు చినబాబుగారు, తప్పు తనదైనట్టు మెల్లగా.

మామ్మ ఆ అలుక్కుపోయిన చోట అద్దం మీద వేలు పెట్టింది.

"నేను ఏడిసుంటాన్రా" అంది మామ్మ నాన్నతో. "ఊరుకోబెట్టడానికి ఊపతా ఉండుంటాది."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. వేలు మాత్రం అద్దం మీద కిందికి జారింది. చీర అంచు కింద పాదాలు... అవి కదల్లేదు, స్పష్టంగా పడ్డాయి. వెడల్పుగా, వేళ్ళు విచ్చుకుని, బొటనవేలి కంటే పక్కవేలు పొడుగ్గా. మామ్మ ఒకసారి తన కాళ్ళ వంక చూసుకుంది.

"ఇయి నా కాళ్ళే" అంది.

"కాపీ తీయించి పంపిస్తానమ్మా" అన్నారు చినబాబుగారు.

"వద్దు బాబూ. సూసేను కదా... సాలు."

తిరిగొస్తూ మామ్మ కాలవ గట్టు మీద చతికిలబడింది. ఎంత పనిచేసొచ్చినా దారిలో కూర్చునే మనిషి కాదు.

"మాయమ్మకి అప్పుడు ఎన్నేళ్ళుంటాయిరా అబ్బాయ్?"

నాన్న ఆలోచించి, "ఇరవై కూడా ఉండవేమోనమ్మా" అన్నారు.

"ఇన్నాళ్ళూ పెద్దావిడ అనుకున్నాన్రా... సిన్నపిల్ల" అంది మామ్మ. "ఆ ఎండలో నన్నెత్తుకుని ఎంత అలిసిపోయిందో ఏంటో..."

 మేమూ పక్కనే కూర్చున్నాం.

ఇప్పుడు ఆ మిల్లు లేదు. అక్కడ రొయ్యల మేత గోడౌన్ ఉంది. ఫోటో ఏమైందో ఎవరికీ తెలియదు. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాన్నా లేరు.

సాయంత్రం స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, ఒళ్ళు బరువెక్కి మంచం మీద వాలి ఫోన్ తెరిస్తే... ఈమధ్య అన్నీ నూరేళ్ళ కిందటి ఫోటోలే. చేలల్లో కూలీలు, మిల్లుల్లో ఆడవాళ్ళు, ఏ దేశం వాళ్ళో కూడా తెలియదు. కింద ఎవరో ఒకరు "ఆ రోజులే బాగుండేవి" అని రాస్తారు. నేను మాత్రం పాపం, ఎప్పటికి ఇంటికెళ్ళారో అనుకుంటాను.

మన ఫోన్లనిండా మన ఫోటోలే. అన్నిట్లోనూ నవ్వుతూనే ఉంటాం. మామ్మది మాత్రం ఒక్కటే ఉంది, ఓటరు కార్డు మీద, తపాలా బిళ్ళంత. జీవితమంతా బురదలో వంగి నాట్లేసిన మనిషి... ఆ చేలో నిలబడి ఉండగా ఒక్క ఫోటో కూడా లేదు.

మీ ఇళ్ళల్లో ఎవరిదైనా ఉందా అండీ, పని చేస్తుండగా తీసింది? ఉంటే ఇక్కడ పెట్టండి... పేరు కూడా రాయండి.